కాంటా దగ్గరి పని కూడా దేవుని సేవ అవుతుందా?

ఎడమ కాలువ (హాలియా):

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మాది పల్నాడు నుండి వచ్చిన లూథరన్ కుటుంబం. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చిన తరువాత మా తాతగారు కృష్ణ దాటి వచ్చి, హాలియా దగ్గర భూమి కౌలుకు తీసుకొని ఇక్కడే స్థిరపడ్డారు. మా ఊరిలో లూథరన్ సంఘం లేదు కనుక ఆదివారాలు బాప్టిస్టు మందిరంలోనే ఆరాధిస్తాము. పండుగలకు, ప్రభు సంస్కారానికి వీలు చూసుకొని అవతలి ఒడ్డున ఉన్న మా పాత సంఘానికి వెళ్ళి వస్తాము.

డిగ్రీ పూర్తయ్యాక ఈ సీజనులో నేను ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో తూకం లెక్కలు రాసే పనిలో చేరాను. రైతు ఆరబోసిన వడ్లలో తేమ 17 శాతానికి మించకుండా ఉంటే సంచుల్లో నింపి కాంటా పెడతాము. సంచికి 40 కిలోలు. గోనె సంచి బరువే అర కిలోకు కాస్త పైన ఉంటుంది కనుక ఆ మేరకు ఎక్కువ తూచడంలో అన్యాయం లేదు. అయితే తాలు, మట్టి అనే పేరుతో ఆ పైన ఇంకొక కిలో, ఒక్కొక్కసారి అంతకంటే ఎక్కువ వేయించి, పుస్తకంలో మాత్రం 40 అనే రాయమంటున్నారు. తరుగు తీయకపోతే మిల్లులో లారీ దించుకోరని హమాలీల దగ్గర నుండి నిర్వాహకుల దాకా అందరూ చెబుతారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నా ఆ కిలో వడ్లు మాత్రం రైతువే, ఆ అంకె వేసేది మాత్రం నా చెయ్యే.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా మేనమామగారు, ఈ లెక్కల గొడవ నీకెందుకు, బైబిలు శిక్షణకు వెళ్ళి దేవుని సేవ చేసుకొమ్మని పట్టుబడుతున్నారు. ఆయన ప్రేమతోనే అంటున్నారు. నేను అడగదలచినవి రెండే. పాస్టరు అయితే తప్ప దేవుని సేవ చేసినట్టు కాదా? అలా కాకపోతే, రేపు ఉదయం కాంటా దగ్గర నేను ఏమి చేయాలి?

విశ్రాంత ఉపాధ్యాయుడు (మిర్యాలగూడ):

బాబూ, నీవు అడిగిన మొదటి ప్రశ్న మన సంఘానికి పేరిచ్చిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథరు తన జీవితమంతా మోసిన ప్రశ్న. ఆయన 1505లో మఠంలో చేరినది, లోకంలో బ్రతికేవారికంటే సన్యాసి దేవునికి దగ్గరగా ఉంటాడని ఆ కాలమంతా నమ్మినట్టే తానూ నమ్మినందువల్ల. దేవుడు మనిషిని అంగీకరించేది అతని క్రియలను బట్టి కాదు, క్రీస్తును బట్టి విశ్వాసము ద్వారా మాత్రమేనని లేఖనాలలో చూసిన తరువాత ఆ మెట్ల వరుస మొత్తం కూలిపోయింది. 1520లో జర్మన్ ప్రభువులకు రాసిన పత్రికలో, బాప్తిస్మపు నీళ్ళలోనుండి బయటికి వచ్చిన ప్రతివాడూ యాజకుడుగా ప్రతిష్ఠించబడినవాడేనని ఆయన తేల్చి చెప్పాడు. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, వీరందరూ ప్రతిష్ఠిత యాజకులేననీ, ఎవరి పనితో వారు ఇతరులకు మేలు చేయాలనీ అక్కడే రాశాడు. పేతురు తన మొదటి పత్రిక రెండవ అధ్యాయంలో "రాజులైన యాజకసమూహము" అన్నది గురువులను మాత్రమే ఉద్దేశించి కాదు, సంఘం మొత్తాన్ని.

ఇక కాంటా సంగతి. లూథరు 1529లో రాసిన పెద్ద కాటెకిజం అనే విశ్వాస బోధ పుస్తకంలో "దొంగిలకూడదు" అన్న ఆజ్ఞను (లూథరన్ల లెక్కలో ఏడవది) వివరించేటప్పుడు పెట్టె పగులగొట్టేవాడి దగ్గర ఆగలేదు. సంతలో తప్పుడు తూకంతో, తప్పుడు కొలతతో, చెడ్డ సరుకుతో పొరుగువాడిని ముంచేవాడినీ, కూలి తీసుకొని పని ఎగవేసేవాడినీ దొంగల లెక్కలోనే చేర్చాడు. చిన్న కాటెకిజంలోనైతే ఇంకొక అడుగు ముందుకు వేసి, పొరుగువాని సొత్తు తీసుకోకుండా ఉండటంతో సరిపోదు, ఆ సొత్తు పెరగడానికీ నిలవడానికీ సహాయం చేయాలి అన్నాడు. సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం నీకు తెలిసే ఉంటుంది: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." నీవు కూర్చున్న చోటు గురించి ఇంతకంటే సూటిగా ఏ ప్రసంగమూ చెప్పదు.

ఒక్క జాగ్రత్త. నిజమైన తూకం రాసినందుకు దేవుడు నిన్ను అంగీకరిస్తాడని అనుకోవద్దు. ఆయన క్రీస్తునందు నిన్ను ఇదివరకే అంగీకరించాడు. కనుకనే నీవు రాసే సరైన అంకె మొత్తంగా రైతుకే చెందుతుంది; అందులోనుండి నీ రక్షణ కోసం నీవు ఏమీ మిగుల్చుకోనక్కరలేదు.

నల్లగొండ సిస్టర్:

మాస్టారు చెప్పిన చివరి మాట నాకు వార్డులో ప్రతి రాత్రీ అవసరమవుతుంది. నేను స్టాఫ్ నర్సును. మర్రిగూడ వైపు ఊళ్ళ నుండి ఫ్లోరోసిస్‌తో ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. మొన్న చేరిన ఒక అమ్మకు మెడ తిరగదు, నడుము నిలబడదు. మంచం తల వైపు ఎత్తి, భుజం కింద దిండు సరిగా అమర్చి, గ్లాసు కాక చెంచాతో నీళ్ళు పట్టాలి; తొందరపడితే పొలమారుతుంది. ఒక పక్కనుండి ఇంకొక పక్కకు తిప్పాలంటే భుజాలనూ నడుమునూ మోకాళ్ళనూ కలిపి ఒక్కసారే తిప్పాలి. ఈ పని చేసేటప్పుడు నేను వాక్యం చెప్పను. అయినా దీనికంటే పెద్ద సేవ ఇంకెక్కడో ఉందని నాకు అనిపించదు.

1522లో వివాహ జీవితం గురించి రాస్తూ, పసిబిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, అతడు విశ్వాసంతో ఆ పని చేస్తున్నందుకు దేవుడూ దూతలూ సంతోషిస్తారని లూథరు అన్నాడు. 1527లో ప్లేగు వచ్చినప్పుడు రాసిన పత్రికలో, రోగులను చూడవలసిన బాధ్యత ఉన్నవారు పారిపోకూడదని చెబుతూనే, మందులు వాడాలి, ఇల్లు పొగ పెట్టి శుభ్రం చేయాలి, అవసరం లేని చోటికి వెళ్ళకూడదు అని కూడా రాశాడు. కోవిడ్ రోజుల్లో ప్రార్థన ఉంది కదా మాస్కు ఎందుకు అన్నవారికి నేను ఆ పత్రికలోని మాటలే చెప్పేదాన్ని. వైద్యాన్ని పరిచర్యగా చూడటం మన సంఘానికి కొత్త కాదు; అమెరికా లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి స్త్రీల కోసం ఆసుపత్రి నెలకొల్పింది ఇదే నమ్మకంతో.

తమ్ముడూ, నాకు ఒక విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. పని బాగా చేయకుండా, పని మధ్యలో కరపత్రాలు పంచి సేవ చేశామనుకునేవారిని నేను ఒప్పుకోలేను. ఇంజెక్షను మోతాదు తప్పు వేసిన నర్సు పక్కన కూర్చొని ఎంత బాగా ప్రార్థించినా ఆ రోగికి మేలు జరగదు. నీవు ముందు తూకం నేర్చుకో, తేమ మీటరు సరిగా పనిచేస్తుందో లేదో చూడటం నేర్చుకో.

చట్టం చదివినవాడు (నల్లగొండ):

అందరికీ వందనాలు. పెద్దలు చెప్పినది వినడానికి బాగుంది. అయితే "ఎవరి పని వారికి దేవుడిచ్చిన పిలుపు" అనే బోధ మా వాడలో ఎలా వినిపిస్తుందో ఒకసారి ఆలోచించమని కోరుతున్నాను. నిజాం కాలంలో ఇదే నల్లగొండ జిల్లాలో మా ముత్తాతలు దొరలకు చెప్పులు కుట్టి ఇచ్చారు, తోలు తొండాలు చేసి ఇచ్చారు, పిలిచినప్పుడల్లా గడి ముందు నిలబడ్డారు, వీటిలో దేనికీ కూలి లేదు. వెట్టి అంటే అదే. ఏ కులంలో పుట్టినవారు ఆ కులపు పనే చేయాలని ఊరు అన్నది. మీరు దానికి దేవుని పేరు కూడా కలుపుతారా? 1946 నుండి 1951 దాకా ఈ నేల మీద జరిగిన పోరాటం, ఆ పని మాకు పిలుపు కాదని చెప్పినవారి పోరాటమే కదా.

1525ను కూడా దాటవేయలేము. జర్మనీలో రైతులు వెట్టి పనికీ పన్నులకీ ఎదురు తిరిగినప్పుడు లూథరు మొదట ప్రభువుల దౌర్జన్యాన్ని తప్పుపట్టినా, తిరుగుబాటు పెరిగిన తరువాత వారిని కనికరం లేకుండా అణచివేయమని ప్రభువులకే రాశాడు. వేలాదిమంది చనిపోయారు. కొనుగోలు కేంద్రంలో కూర్చున్న తమ్ముడికి, నీ స్థానంలో నీవు నమ్మకంగా ఉండు అని మాత్రమే చెబితే, తరుగు తీసే ఏర్పాటు అలాగే ఉంటుంది, అతడి మనస్సాక్షి మాత్రం శుభ్రపడుతుంది. రైతుకు పోయిన వడ్లు తిరిగి రావు.

విశ్రాంత ఉపాధ్యాయుడు (మిర్యాలగూడ):

మీ ప్రశ్న న్యాయమైనది, దానికి తేలికైన సమాధానం చెప్పను. 1525లో లూథరు రైతుల మీద రాసిన మాటలను సమర్థించవలసిన బాధ్యత లూథరన్‌గా నాకు లేదు. మన విశ్వాస ప్రకటన క్రీస్తు మీద నిలిచినది కానీ లూథరు రాసిన ప్రతి కాగితం మీద కాదు.

అయితే కులవృత్తినీ పిలుపునూ ఒకటి చేయడం వాక్యానికి కూడా విరుద్ధమేనని నా అవగాహన. పిలువబడిన స్థితిలో ఉండమని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో చెప్పిన పౌలే, ఆ వెంటనే 21వ వచనంలో, దాసుడు స్వతంత్రుడు కాగలిగితే అదే మరి మంచిదని అన్నాడు. లూథరు లెక్కలో కూడా పొరుగువానికి మేలు చేసే పనికే పిలుపు అనే గౌరవం దక్కుతుంది. పొరుగువానిని దోచే పనికి ఆ గౌరవం లేదు. కనుక వెట్టి చేయించుకున్న దొరకు దేవుని పిలుపు ఉందని చెప్పలేము. వెట్టి చేసిన మనిషి బిడ్డను బడికి పంపిన తల్లికి ఉంది. 1524లో పట్టణ సభలకు రాసిన పత్రికలో, ఆడపిల్లలకు కూడా బడులు పెట్టమని లూథరు అడిగినదీ, మన దేశంలో లూథరన్ మిషనులు వాడల్లో బడులు తెరిచినదీ ఈ వరుసలోనివే. ఏర్పాటును మార్చడం కూడా పిలుపులో భాగమేనని మీరు అంటే, నేను మీతో ఉన్నాను.

దేవరకొండ మెన్నోనైట్:

వందనాలు. నేను మెన్నోనైట్ బ్రదరెన్ సంఘ సభ్యుడిని. ఈ చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. మన ప్రాంతంలో లూథరన్లు తక్కువగా ఉండటానికి కారణం చాలామందికి తెలియదు. పూర్వం మిషను సంస్థలు ప్రాంతాలను పంచుకొని పనిచేశాయి. లూథరన్ మిషనరీ హేయర్ గారు 1842లో గుంటూరు చేరి, తరువాత పల్నాడులో కూడా పనిచేసినందువల్ల కృష్ణకు ఆవలి ఒడ్డు లూథరన్ క్షేత్రమయింది. ఇటు నల్లగొండలో బాప్టిస్టులు, మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు ముఖ్యంగా బాప్టిస్టులు, మెన్నోనైట్లు పనిచేశారు. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన ఫ్రీసెన్ గారు బాప్టిస్టు మిషను కింద పనిచేసినా, స్వయంగా రష్యా నుండి వచ్చిన మెన్నోనైట్. ప్రాజెక్టు కాలువలే మీవాళ్ళను మా మధ్యకు తెచ్చాయి, అందుకు సంతోషం.

నాకున్న సందేహం ఇది. మేము విశ్వాసం ఒప్పుకున్నవారికే బాప్తిస్మం ఇస్తాము. మీరు పసిబిడ్డలకు ఇచ్చి, ఆ బాప్తిస్మంతోనే అందరూ యాజకులయ్యారంటారు. అందరూ యాజకులైతే పాస్టరు ఎందుకు? మా ఊళ్ళలో ఎవరికి వారు పిలుపు వచ్చిందని చెప్పి రేకుల షెడ్డు వేసి సంఘం పెట్టేస్తున్నారు. మీ బోధ దానికి తలుపు తెరవడం కాదా?

పల్నాడు పాస్టరు:

సహోదరులకు వందనములు. దేవరకొండ సహోదరునికి ముందు జవాబు చెబుతాను. 1530లో ప్రకటించిన మా లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పద్నాలుగవ అధికరణం, క్రమమైన పిలుపు లేకుండా ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు నిర్వహించకూడదు అంటుంది. నాకు లోపల అనిపించింది అన్నది ఒక్కటే చాలదు; సంఘం పరీక్షించి, పిలిచి, నియమించాలి. పాస్టరు హోదా వల్ల మిగిలినవారికంటే పవిత్రుడు కాడు. వాక్యమూ సంస్కారాలూ అందరికీ అందేలా చూడటానికి అందరి తరఫున ఆ పనిలో నియమించబడినవాడు. ఆ పని వల్ల నల్లగొండ సిస్టర్ పని చిన్నదైపోదు. ప్రాణాపాయంలో ఉన్న పసిబిడ్డకు పాస్టరు వచ్చేలోగా తల్లిదండ్రుల కోరిక మీద ఏ క్రైస్తవురాలైనా బాప్తిస్మం ఇవ్వవచ్చునని మన సంఘం ఒప్పుకునేది అందుకే. పసిబిడ్డల బాప్తిస్మం విషయంలో మనకు భేదం ఉంది, దానిని దాచను. బిడ్డ దేవునికి ఏమీ ఇవ్వలేని వేళలోనే దేవుడు తన వాగ్దానాన్ని ఇస్తాడని మేము నమ్ముతాము.

అదే ప్రకటన పదహారవ అధికరణం ఈ చర్చకు ఇంకా దగ్గరిది. క్రైస్తవుడు ప్రభుత్వ పదవి చేపట్టవచ్చు, న్యాయస్థానంలో తీర్పు చెప్పవచ్చు, ఆస్తి కలిగి ఉండవచ్చు, న్యాయమైన ఒప్పందాలు చేసుకోవచ్చు, పెండ్లి చేసుకోవచ్చు అంటుంది. పాపం చేయమని ఆజ్ఞాపిస్తే మాత్రం మనుష్యులకు కాదు దేవునికే లోబడాలి అంటుంది. హాలియా తమ్ముడికి ఇదే నా జవాబు. 42 కిలోలు తూచి 40 అని రాయమనడం అధికారి ఆజ్ఞే అయినా, దానికి నీవు లోబడనక్కరలేదు. అయితే అబద్ధసాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞను (మన లెక్కలో ఎనిమిదవది) కూడా గుర్తుంచుకో. దాని వివరణలో, పొరుగువానిని గురించి మంచి మాట చెప్పి, అతని పనులకు సాధ్యమైనంత మంచి అర్థం తీయమని ఉంది. నిర్వాహకులందరూ దొంగలని ఊరంతా చాటే ముందు, వారి మీద మిల్లు నుండి ఎంత ఒత్తిడి ఉందో వారితోనే కూర్చొని విను. మీ మేనమామగారితో, సంఘం పిలిచిన రోజున పాస్టరు పని గురించి ఆలోచిస్తానని చెప్పు. ఇంట్లో చికాకు వచ్చిందని పారిపోయి వచ్చేవారు ఆ పనికి సరిపోరు.

పాలమూరు అక్క:

నేను ఎక్కువగా రాయను. మాది మహబూబ్‌నగర్ దగ్గర ఊరు. మా ఆయన ఏటా గుంపు మేస్త్రీ వెంట పూణే వైపు కట్టడం పనికి వెళతారు. అడ్వాన్సు తీసుకున్నాక వానలు పడేవరకు తిరిగి రావడం కుదరదు. నేను గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టి ఇక్కడికి కోడలుగా వచ్చాను. చిన్న కాటెకిజంలో ఆజ్ఞలనూ విశ్వాస ప్రమాణాన్నీ ప్రభువు ప్రార్థననూ ఇంటి పెద్ద తన ఇంటివారికి నేర్పాలని ఉంటుంది. మా ఇంట్లో సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇంటి పెద్దను నేనే. ఉదయం పిల్లలు లేవగానే ప్రభువు ప్రార్థన, లూథరు ఉదయకాల ప్రార్థన చెప్పిస్తాను. ఆ ప్రార్థన తరువాత సంతోషంగా నీ పనికి వెళ్ళు అని ఉంటుంది, రాత్రి ప్రార్థన తరువాత వెంటనే నిశ్చింతగా నిద్రపో అని ఉంటుంది. అప్పు ఉన్న ఇంట్లో నిశ్చింతగా నిద్రపొమ్మనడం తేలిక మాట కాదు, అయినా ఆ మాట నాకు కావాలి.

మా ఆయన ఫోను చేసినప్పుడు చిన్నవాడు ఆ వారం నేర్చుకున్న భాగం వినిపిస్తాడు. "మా అనుదినాహారము" అన్న చోట, అన్నం, బట్టలు, ఇల్లు, పొలం, పశువులు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, నమ్మకమైన పొరుగువారు, ఇవన్నీ ఆ ఆహారంలోనే ఉన్నాయని లూథరు వివరించాడు. మా ఆయన అక్కడ ఆపించి, మేస్త్రీ సరిగా లెక్క కట్టి కూలి ఇవ్వడం కూడా అందులో చేర్చమన్నారు. మేము చేర్చుకున్నాము. పాస్టరు గారూ, అది తప్పేమీ కాదు కదా?

పల్నాడు పాస్టరు:

తప్పు కాదమ్మా. ఆ వివరణలో నమ్మకమైన పనివారు, నమ్మకమైన పాలకులు ఇద్దరూ ఉన్నారు. పని చేయించుకొని కూలి ఇవ్వవలసినవాడు వారి మధ్యలోకే వస్తాడు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో, బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని ఉంది. అది కూడా పిల్లవాడికి నేర్పండి.

ఎడమ కాలువ (హాలియా):

ఇన్ని మాటలు చెప్పినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పాస్టరు గారు చెప్పినట్టే ముందు మా కేంద్రం నడిపే మహిళా సంఘం అక్కలతో కూర్చున్నాను. వాళ్ళలో చాలామందికి స్వయంగా కౌలు పొలాలున్నాయి, తరుగు వాళ్ళ వడ్లలో కూడా పోతోంది. లారీ వెనక్కి వస్తే హమాలీ ఖర్చు తమ మీద పడుతుందన్నదే వాళ్ళ భయం. ధాన్యాన్ని తూర్పారబట్టే యంత్రం మా దగ్గర ఉంది కానీ, తొందరలో దానిని ఎవరూ వాడటం లేదు. ఇక మీదట తాలు ఉన్న ధాన్యాన్ని ముందే యంత్రంలో పోసి, సంచి బరువు మాత్రమే కలిపి తూచి, కాంటా మీద కనిపించిన అంకెనే పుస్తకంలో, రైతు చిట్టీలో రాద్దామని అనుకున్నాము. సంచి బరువు ఎంతో పలక మీద రాసి బయట పెట్టాము. మిల్లు వారు ఒప్పుకుంటారో లేదో మొదటి లారీలు వెళ్ళాకే తెలుస్తుంది. ఒప్పుకోకపోతే ఏమి చేయాలో చట్టం తెలిసిన అన్నయ్య చెప్పాలి.

చట్టం చదివినవాడు (నల్లగొండ):

తమ్ముడూ, ఇది నేను ఎదురు చూసిన మాట. మిల్లులో కోత పెడితే ఆ కోత ఎంతో, కారణం ఏమిటో లారీ వెంట వెళ్ళిన కాగితం మీదనే రాయించి సంతకం తీసుకో. నోటి మాటకు ఒప్పుకోవద్దు. రైతు చిట్టీ నకలు నీ దగ్గర ఒకటి ఉంచు. కాంటాకు ఈ ఏటి ముద్ర ఉందో లేదో చూసి, లేకపోతే తూనికలు, కొలతల శాఖకు కేంద్రం పేరుతో అర్జీ పెట్టించు. కోత కొనసాగితే ఆ కాగితాలన్నీ తీసుకొని నల్లగొండ రా. కలెక్టరు గారు సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి రైతుల సంతకాలతో నేను అర్జీ రాసి ఇస్తాను. సిస్టర్ గారూ, సోమవారం మీకు డ్యూటీ లేకపోతే మీరూ రండి, రైతుల ఇళ్ళ నుండి వచ్చే ఆడవాళ్ళు మీతో ధైర్యంగా మాట్లాడతారు.

నల్లగొండ సిస్టర్:

ఈ వారం నాకు రాత్రి డ్యూటీ. సోమవారం ఉదయం విధి దిగగానే నేరుగా కలెక్టరేటుకు వస్తాను.